మస్కటమ్మను నమ్ముకున్న సింహాచలం మావ

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఇంటికి రంగూన్ నుంచి ఒకతను వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. ముఖం బర్మా ముఖం, చెవులు మాత్రం అచ్చంగా మా అమ్మ పుట్టింటి చెవులు, తలుపులు బార్లా తీసిపెట్టినట్టు విచ్చుకున్నవి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నా కాళ్ళకి దణ్ణం పెట్టి, దారంతా వల్లెవేసుకుంటూ వచ్చిన మాటను జాగ్రత్తగా దించుకున్నట్టు, "నాను సింహాచలం మనవణ్ణి" అన్నాడు. అంతటితో అతని దగ్గరున్న తెలుగు సగం ఖర్చయిపోయింది. అన్నం పెట్టాను. చేపల పులుసు మూడుసార్లు వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాక అసలు వచ్చిన పని సగం సైగలతోనే చెప్పాడు. వాళ్ళింట్లో గోడమీద ఒక పెళ్ళి ఫొటో ఉందట. తాత, నాయనమ్మ, మధ్యలో ఒక మేక. మేక మెడలో పూలదండ ఉంది, తాత మెడలో లేదు. ఎందుకో చెప్పగలిగినవాళ్ళు రంగూన్‌లో ఎవరూ మిగల్లేదు. "తాత, మేక. ఏల?" అని అడిగి, నా ముఖంకేసి చూస్తూ కూచున్నాడు. నేను చెప్పాను. సగం అర్థమైంది. అర్థంకాని సగానికి కూడా మర్యాదగా నవ్వాడు. అతను వెళ్ళిపోయాక ఆ మిగిలిన సగం నన్ను పట్టుకుని వదల్లేదు. అందుకని ఇక్కడ మొత్తం రాసి పెడుతున్నాను.

నా చిన్నప్పుడు మేముండేది రంగూన్‌లోని పజుండౌంగ్‌లో, వాగు ఒడ్డున, చెక్క వరసిళ్ళలో. మా నాన్న పడవలు కట్టే షెడ్డులో పెద్ద వడ్రంగి. ఇంటిముందు పడవలు, ఇంటివెనక వడ్ల మిల్లులు, మధ్యలో మేము. పొద్దున్న లేస్తే ముందు ఊక పొగ వాసన, ఆ వెనక పడవల సందులకి నీళ్ళు దిగకుండా పూసే నల్లటి కీలు వాసన, ఎండ ఎక్కేకొద్దీ నప్పి వాసన వచ్చేవి. నప్పి అంటే చేపల్ని ఉప్పులో మగ్గబెట్టి నూరిన ముద్ద. బర్మావాళ్ళకి అది లేనిదే ముద్ద దిగదు, మా అమ్మమ్మకి అది ఉన్న వీధిలో ముద్ద దిగదు. అమ్మమ్మ పేరు పైడమ్మ. భీమిలి దగ్గర పల్లె నుంచి కూతురి కాపరం చూసి పోదామని వచ్చి, ఓడ ప్రయాణం మళ్ళీ పడలేనని ఉండిపోయిన మనిషి. నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. చుట్ట తీసేస్తే ఆయాసం వస్తుందని చుట్ట కాల్చేది. చుట్ట కాల్చినందుకు ఆయాసం వస్తే మేకపాలు తాగేది. ఆ పాలకోసం ఒక తెల్లమేకని పెంచేది. కింద పడిన ఆకు ముట్టదని దానికి దొరసాని అని పేరు పెట్టింది. తెల్లవారగానే అమ్మమ్మ ముందు దేవుడి పటానికి, తరవాత దొరసానికి దణ్ణం పెట్టేది. అల్లుడన్నా మర్యాదే కానీ ఆ వరసలో ఆయన మూడో స్థానం దాటలేదు.

సింహాచలం మావ అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు, మా అమ్మకి తమ్ముడు. దేశంలో ఉండగా భీమిలిలో ఒక ఫాదిరీగారి బంగళాలో వంటింటి పని చేసేవాడు. ఆ ఫాదిరీగారు ఎక్కడో ద్రాక్షలు పండే దేశం మనిషి. పెరట్లో ఒక నల్లద్రాక్ష తీగ వేసుకుని, పూజలోకి కావలసిన వైను తానే చేసుకునేవారు. తీగ దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. ఒక క్రిస్మసు నాడు మాత్రం వంటవాళ్ళందరికీ తలో గుక్క పోశారు. ఆ గుక్కతో మిగతావాళ్ళు ఊరుకున్నారు, మావ ఊరుకోలేదు. నాతో ఎప్పుడు చెప్పినా కళ్ళు మూసుకుని చెప్పేవాడు. "నోట్లో గులాబీ పూసినట్టు ఉంటాదే గుంటా. మింగినాక పీకలో దీపం ఎట్టినట్టు ఉంటాది." ఫాదిరీగారు దేశం వెళ్ళిపోతూ తీగలోంచి ఒక కొమ్మ కోసి మావ చేతిలో పెట్టి, దీని పేరు మస్కట్ అని చెప్పారు. ఇంకేం చెప్పారో మావకి ఇంగ్లీషు రాక తెలియలేదు. ఆ తెలియని దాంట్లోనే ఈ కథంతా ఉంది.

కొమ్మని అరటిబోదెలో గుచ్చుకుని, బోదెని చంటిపిల్లలా తువ్వాల్లో చుట్టుకుని మావ రంగూన్ ఓడ ఎక్కాడు. డెక్కుమీద జనమంతా వాంతులు చేసుకుంటూ మంచినీళ్ళకి కొట్టుకుంటుంటే, మావ తన వాటా నీళ్ళు బోదెకి పోశాడట. రేవులో దిగేటప్పుడు మశూచి టీకాలు చూసే డాక్టరు తువ్వాలు విప్పమన్నాడట. విప్పితే అరటిబోదె. డాక్టరు బోదెని చూసి, మావని చూసి, చాలాసేపు ఆలోచించి ఇద్దరినీ వదిలేశాడట. మా నాన్న మావని పడవల షెడ్డులో పనికి పెట్టించాడు. పడవ చెక్కల సందుల్లో నార కూరి కీలు పూసే పని. మావ పగలంతా కీలు పూసేవాడు, సాయంత్రమంతా మా వరస వెనక నాటిన కొమ్మ దగ్గర కూచునేవాడు.

రంగూన్ వాన తాగి ఆ కొమ్మ చెలరేగింది. ఏడాదికి మా వంటింటి పాక ఎక్కింది. రెండో ఏడు పొరుగింటి కప్పు ఎక్కింది. తరవాత వరస వరసంతా పాకి, ఎవరింట్లో ఎక్కడ కారినా తీగ అడ్డమొచ్చి కప్పు బాగుచేసుకోవడానికి లేకుండా పోయింది. మావ ఒక్క ఆకు తుంచనిచ్చేవాడు కాదు. "అమ్మోరిని కోస్తావేటి?" అనేవాడు. మస్కట్ అన్న పేరు ఆడవాళ్ళ నోట పడి నెమ్మదిగా మస్కటమ్మ అయింది. నూకాలమ్మ, పైడితల్లమ్మల పక్కన ఇమిడిపోయింది. శుక్రవారం శుక్రవారం మొదలుకి పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్ళు. ఇంత చేసినా మస్కటమ్మ ఒక్క కాయ కాయలేదు. ఐదారేళ్ళు అలా పచ్చగా, ఠీవిగా, గొడ్డుగా పరుచుకుని ఉంది. మా నాన్న జాలిపడి ఒకసారి కాబూలీవాడి దగ్గర దూదిలో పెట్టి అమ్మే తెల్లద్రాక్షలు పెట్టె కొనుక్కొచ్చి, వీటితో చేసుకోరాదా అన్నాడు. మావ పెట్టె మూత కూడా తియ్యలేదు. "అయి ద్రాచ్చలు కావు బావా. నీటి బుడగలు" అన్నాడు. ఇంకెవరో నేరేడుపళ్ళతో కూడా వైను చేస్తారని చెబితే, వాళ్ళతో పండగదాకా మాట్లాడలేదు.

మావ పెళ్ళి సంగతి అక్కడే చిక్కుకుంది. అమ్మమ్మ ప్రతి ఆదివారం అన్నాలయ్యాక అడ్డచుట్ట తిప్పుకుంటూ ఆ ప్రస్తావన ఎత్తేది.

"ఒరే, నీ ఈడోళ్ళ పిల్లలు కూడా ఓడలెక్కి వొచ్చీస్తన్నారు. నీకేటి రోగం?"

"మస్కటమ్మ కాయనీ అమ్మా. కాసిన ఏడే లగ్గం."

"కాయకపోతే?"

"కాయకపోడమేటి."

అంతటితో వారం గడిచిపోయేది. ఆ ఒట్టు మావకి గొప్ప రక్ష. కాయని తీగ ఉన్నంతకాలం పెళ్ళిలేదు. ఆయనకి పెళ్ళంటే భయమో, అమ్మమ్మ చూపించే పిల్లలంటే భయమో నాకు తెలియదు కానీ, ఆ రోజుల్లోనే మావ మాటల్లో ఇంకో పేరు దొర్లడం మొదలైంది. షెడ్డు గేటు దగ్గర ఒక బర్మా అమ్మాయి మొహింగా అమ్మేది. మొహింగా అంటే చేపల చారులో బియ్యప్పిండి సేవలు వేసి ఇచ్చే పొద్దుటి టిఫిను. ఆ అమ్మాయి పేరు ఖిన్. బర్మాలో పెళ్ళికాని పిల్లని మర్యాదగా పిలవాలంటే పేరు ముందు 'మా' చేరుస్తారు. ఈ సంగతి అమ్మమ్మకి తెలియదు.

"మా ఖిన్ సెప్పినాది, ఈ ఏడు వానలు బేగి వొచ్చేస్తాయంట" అన్నాడు మావ ఒకరోజు.

"మీ ఖినెవులురా?"

"మీ ఖిన్ కాదే అమ్మా, మా ఖిన్."

"అదేరా. ఎప్పట్నుంచి మీదయినాదీ అని అడుగుతన్నాను."

మా ఖిన్ తెలుగు ఇంకా వింత. లాంచాలు, అంటే రిక్షాబళ్ళు, లాగే మనవాళ్ళు మొహింగా తింటూ ఒకరినొకరు 'బావా, బావా' అనుకోవడం విని, తెలుగులో గౌరవమంటే అదే కాబోలనుకుంది. అందర్నీ బావా అనేది. మా నాన్నని బావా అంది, సరే. మా అమ్మని బావా అంది, అమ్మ నవ్వింది. ఒకరోజు దారిలో ఎదురైన అమ్మమ్మకి రెండు చేతులూ జోడించి వంగి, "దణ్ణం బావా" అంది. అమ్మమ్మ ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, "నన్ను బావా అంటాదేటే? నాకు మీసాలు మొలిసినాయేటి?" అని సాయంత్రందాకా ఆలోచించింది.

ఆ ఏడు కార్తీకమాసంలో ఒక సోమవారం మేమందరం గుడికి వెళ్ళాం. దొరసానిని కట్టింది అమ్మమ్మే. ముడి సరిగ్గా వెయ్యలేదని అమ్మ, ముడి సరిగ్గానే వేశాను దొరసానికి తెలివెక్కువని అమ్మమ్మ, బతికినంతకాలం వాదించుకున్నారు. మేం తిరిగొచ్చేసరికి దొరసాని కట్టెల మోపు ఎక్కి, అక్కణ్ణుంచి పాక ఎక్కి, అక్కణ్ణుంచి వరసిళ్ళ కప్పులన్నీ తిరిగి, చిట్టచివరి ఇంటి కప్పుమీద నిలబడి మమ్మల్ని చూస్తోంది. నోట్లోంచి ఒక ఆకు వేలాడుతోంది. మస్కటమ్మకి మిగిలింది దాదాపు ఆ ఒక్క ఆకే. చిగుళ్ళు లేవు, ఆకులు లేవు, లేత కొమ్మలు లేవు. ముదురు కొమ్మలు మేక కాళ్ళకింద విరిగి ముక్కలయ్యాయి.

"దిగవే దొరసానీ" అంది అమ్మమ్మ, అదేదో మొదటి అపరాధమైనట్టు మెల్లగా.

మావ చేతిలో కొబ్బరిచిప్ప ప్రసాదం అలాగే పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. నాన్న నిచ్చెన వేసుకుని ఎక్కి, మడత కొలబద్ద తీసి, విరిగిన పడవని చూసినట్టు తీగని ఆ చివరనుంచి ఈ చివరదాకా చూసి దిగాడు. "ఇరిగినయ్యి కుళ్ళిపోతాయిరా. మోకాలెత్తుకి కోసీడమే" అన్నాడు. "నువ్వు కొయ్యి బావా. నాను సూడ్లేను" అని మావ లేచి గేటు వైపు వెళ్ళిపోయాడు. రంపం చప్పుడు వినపడకుండా మా ఖిన్ అంగట్లో చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూచున్నాడని, ఆమె అతని నోట్లో మొహింగా చెంచాతో పెట్టిందని తరవాత వీధంతా చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి మావ గడ్డం గీయలేదు. ఉప్పు మానేశాడు. గుండు చేయించుకుంటానని మంగలిని పిలిపించాడు. "తీగకి దినం పెడతావేట్రా, నాను బతికుండగా?" అని అమ్మమ్మ మంగలిని వెనక్కి పంపేసింది.

దినం పెట్టుకుందామనుకున్న నాటికి మోడు చిగిర్చింది. చిగుళ్ళతో పాటు ఆవగింజలంత పూమొగ్గలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. చూస్తుండగా పిందెలయ్యాయి. ఫాల్గుణమాసం వెళ్ళేసరికి పాకమీద నల్లటి గుత్తులు వేలాడుతున్నాయి, ఒక్కో పండు మీదా బూడిద అద్దినట్టు తెల్లటి పొర. వాసన చూస్తే నిజంగా గులాబీయే. వీధి వీధంతా చూసి పోయింది. మావ తన కన్నీళ్ళకి కాసిందన్నాడు. మా ఖిన్ తాను చెట్టుదేవతకి అరటిపళ్ళు పెట్టినందుకు కాసిందంది. అమ్మమ్మ మాత్రం దొరసాని కొమ్ములకి పసుపు రాసి, "నా మేక తింటే కాసినాది" అని ప్రకటించింది. ఆమె చెప్పిందే నిజమని, ఫాదిరీగారి దేశంలో ద్రాక్షతీగని ఏటా మోడుగా నరికితేనే కాస్తుందని, ఇన్నేళ్ళకి నా మనవడి పుస్తకంలో చదివాను. ఫాదిరీగారు ఇంగ్లీషులో చెప్పింది అదే అయి ఉంటుంది.

కాయడమైతే కాసింది, ఒట్టు మాటేమిటి? మొదటి పండు రంగు తిరిగిన రోజే అమ్మమ్మ దేశంలో ఉన్న పిల్లల పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలెట్టింది. మావ ముఖం పాలిపోయింది.

"కాయడమంటే వయిను కాయడం అమ్మా. నా మాటకి అర్తం అది" అన్నాడు.

"తీగకి వయిను కాస్తాదేట్రా?"

"పళ్ళు పిండి, వయిను చేసి, అది బాగుంటే అప్పుడు కాసినట్టు."

నాన్న మధ్యవర్తిగా కూచున్నాడు. వైను బాగుంటే పెళ్ళి, బాగోకపోతే మళ్ళీ ఏడు. బాగుందో లేదో చెప్పేది ఎవరు? "నాను సెప్తాను" అంది అమ్మమ్మ. జన్మలో కల్లు వాసన కూడా చూడని మనిషి, నాలుక సగం అడ్డచుట్టకి కాలిపోయిన మనిషి, ఆ పదవిని అలా తీసేసుకుంది. ఎవరికీ కాదనే ధైర్యం లేకపోయింది.

పళ్ళు కాళ్ళతో తొక్కాలని మావకి బంగళాలో చూసిన గుర్తు. ఆయన కాళ్ళకి ఏళ్ళతరబడి పట్టిన కీలు. కిరసనాయిలుతో తోమితే కీలు పోయి కిరసనాయిలు మిగిలింది. చివరికి మా అమ్మ చీర ఎగదోపుకుని ఇత్తడి గంగాళంలోకి దిగింది. "నా పెళ్ళికి కూడా ఇన్నిసార్లు కాళ్ళు కడగలేదురా" అంటూ తొక్కింది. ఆ రసం పొయ్యడానికి పెద్ద జాడీ కావాలి. మా ఖిన్ వాళ్ళింట్లో నడుమెత్తు నల్లజాడీ ఒకటి ఉంది, అడగ్గానే ఇచ్చింది. వాళ్ళమ్మ చిన్నప్పటినుంచీ అది నప్పి జాడీ. మావ దాన్ని బూడిదతో తోమాడు, చింతపండుతో తోమాడు, మరిగిన నీళ్ళు పోశాడు, ఎండబెట్టాడు, సాంబ్రాణి పొగ పట్టాడు. ముక్కు పెట్టి చూస్తే ఏ వాసనా లేదు. అయితే మట్టి జాడీకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ద్రాక్షరసం లోపల పొంగి వేడెక్కేసరికి దానికి పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి.

వానలు పడ్డాక ఒక ఆదివారం జాడీ మూత తీశారు. వరసిళ్ళవాళ్ళందరూ మా పాకముందు చేరారు. వైను కన్నా ముందు వాసన బయటికొచ్చింది. గుంజకి కట్టిన దొరసాని తాడు ఎంత పొడుగుంటే అంత దూరం జరిగింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. మావ మాత్రం ఏమీ గ్రహించినట్టు లేదు. కంచు గ్లాసులో పోసి తల్లికి అందించాడు. అమ్మమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. చెంగుతో పెదవులు తుడుచుకుంది. "అప్పన్నసామీ, నీదే బారం" అని కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తి, ఆపకుండా మొత్తం తాగేసింది. ఏ వీధిలో నప్పి ఉంటే ఆ వీధి మానేసే మనిషి. కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. గ్లాసు దించి, ఊపిరి తీసుకుని, "అమృతం" అంది. "నా జన్మలో ఇలాటిది తాగనేదు. ఇంక లగ్గం."

మేమంతా అదే పట్టుకున్నాం. అమృతమని అమ్మ, అమృతమని పొరుగింటివాళ్ళు. నాన్న ఒక గుక్క తాగి, బయటికెళ్ళి కాసేపు వాగుకేసి చూసి వచ్చి, "బాగుందిరా. పడవ సందులకి కూడా పనికొస్తాది" అన్నాడు. మావకి గర్వమూ, పెళ్ళి దగ్గరపడిందన్న దిగులూ ఒకేసారి ముఖంమీదకొచ్చి ఏ ముఖం పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడే మా ఖిన్ బుట్ట దించుకుని లోపలికొచ్చింది. అడక్కుండానే గ్లాసు అడుగున మిగిలింది నోట్లో పోసుకుని, పక్కకి తిరిగి ఉమ్మేసింది.

"బావా, ఇది బాగోనేదు. నప్పి కంపు."

మావ, "ఈళ్ళందరూ బాగుందన్నారు" అన్నాడు.

"ఈళ్ళకి నువ్వంటే జాలి. నాకు నేదు. నీ పండు మంచిది. నా జాడీ చెడ్డది. తెలీకుండా పోసినావు, నీ బుర్ర కూడా అంత మంచిది కాదు. పారబోసీ."

మావ జాడీలోకి వంగి వాసన చూశాడు. తల ఎత్తినప్పుడు, ఇన్నాళ్ళూ తీగని చూసిన చూపుతో ఆ పిల్లని చూశాడు. "అమ్మా, వయిను అమృతమని నువ్వే అన్నావు. లగ్గమన్నావు. నాను ఈ పిల్లనే సేసుకుంటాను" అన్నాడు. మా ఖిన్ బుట్ట ఎత్తుకోబోతున్నదల్లా ఆగింది. "ముందు నన్ను అడగాల బావా" అంది. అడిగాడు. ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయింది.

అమ్మమ్మ తన వలలో తానే పడింది. వైను బాగోలేదంటే కొడుకు బ్రహ్మచారి. బాగుందంటే కోడలు బర్మా పిల్ల, అందులోనూ తనని బావా అనే పిల్ల. ఏదీ అనలేక కొడుకుతో మాట మానేసింది. చెప్పవలసిందంతా మేకతో చెప్పేది. "దొరసానీ, అన్నం సల్లారిపోతందని ఆడికి సెప్పు" అనేది. "దొరసానీ, నాకు ఆకలి లేదని సెప్పు" అని మావ అనేవాడు. దొరసాని ఇద్దర్నీ మార్చి మార్చి చూసేది. మేం ముందు నవ్వుకున్నాం. తరవాత నవ్వు రాలేదు. అమ్మమ్మ చుట్ట అంటించుకోవడం మానేసింది. మావ సన్నబడ్డాడు. "అమ్మ వద్దంటే సేసుకోను. మరెవుల్నీ కూడా సేసుకోను. మేలే ఊళ్ళకి పనికి పోతాను" అని మా అమ్మతో అన్నాడు. మేలే ఊళ్ళంటే నది ఎగువకి, వారాల ప్రయాణం. అమ్మ ఆ మాట అమ్మమ్మకి చేరవేసింది. అమ్మమ్మ మేకని పట్టుకుని ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం, మగవాళ్ళు పనిలో ఉండగా, మా ఖిన్ పెరటి దారిన వచ్చింది. నేను అమ్మతో కలిసి బియ్యం ఏరుతున్నాను. మా ఖిన్ అమ్మమ్మకి ఎదురుగా గొంతుక్కూచుంది.

"బావా, నీతో మాటుంది."

"దొరసానీ, నాకు ఎవుల మాటా అక్కర్నేదని సెప్పు."

"ఆ జాడీ ఇంకా ఇక్కడే ఉంది. ఆడు పారబోసినాడు కానీ మళ్ళీ తోముతన్నాడు. వచ్చే ఏడు మళ్ళీ అందులోనే పోస్తాడు. పోసి గ్లాసు పట్టుకొస్తాడు. మళ్ళీ మనమే తాగాల."

'మనం' అంది. మేము అనవలసిన చోట మనం అనడం, మనం అనవలసిన చోట మేము అనడం మా ఖిన్‌కి మామూలే. ఆ తేడా ఆమె భాషలో లేదట. తెలిసి అందో తెలియక అందో నేను ఇప్పటికీ చెప్పలేను. అమ్మమ్మ మాత్రం ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. పిల్లని తలనుంచి కాళ్ళదాకా చూసింది. "నీకు కూడా పోస్తాడంటావేటి?" అంది, మేకతో కాదు, ఆ పిల్లతోనే.

"నాకు ముందు పోస్తాడు బావా."

అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "రోకలి ఎక్కడుందే?" అని మా అమ్మని అడిగింది. ఇద్దరూ రోకలికి చెరో వైపు పట్టుకున్నారు. మొదటి దెబ్బకి జాడీ బీటవేసింది, రెండో దెబ్బకి వీధంతా తలుపులు వేసుకుంది. పెంకులన్నీ ఏరి వాగులో పడేశాక, అమ్మమ్మ చాలా రోజుల తరవాత చుట్ట అంటించింది. రెండోది మా ఖిన్‌కి ఇచ్చింది. ఆ పిల్ల నిప్పు బయటికి పెట్టి కాలిస్తే, "ఇదేటి కాల్సడమే" అని నవ్వింది. సాయంత్రం మావ రాగానే అమ్మమ్మ తానే నోరు విప్పింది. "దొరసాని జాడీ పొడిసీసినాదిరా." మావ గోడకి ఆనించిన తడి రోకలిని చూశాడు. తల్లి ముఖం చూశాడు. వెళ్ళి దొరసాని వీపు నిమిరి, "మంచి పని సేసినావే" అన్నాడు.

పెళ్ళి రెండు పద్ధతుల్లోనూ జరిగింది. చౌక్తడా నుంచి ఫొటోగ్రాఫరుని పిలిపించారు. వధూవరులు కుర్చీల్లో కూచున్నాక అమ్మమ్మ, మేక లేనిదే ఫొటో లేదని భీష్మించింది. తెచ్చి మధ్యలో నిలబెడితే, ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి తీసేలోపు దొరసాని మావ మెడలోని దండ నమిలేసింది. ఇంకో దండ తెప్పించి, మావ మెడలో వేస్తే అది కూడా పోతుందని, దాన్ని మేక మెడలోనే వేశారు. తన మెడలోది తాను తినలేదు కదా. ఆ ఫొటో సంగతి ఇంతే.

ఆ తరవాత కార్తీకంలో దొరసానికి తలంటి, బొట్టు పెట్టి, మేళతాళాలొక్కటే తక్కువగా మస్కటమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. తినమంటే తినదు కదా మేక. ముఖం తిప్పుకుంది. మావే కత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో కొమ్మకీ క్షమాపణ చెప్పి నరికాడు. మూసుకున్న కళ్ళతో బట్టలారేసే తాడు కూడా నరికాడు. వైను మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. ఒక ఏడు పులిసి వెనిగరైంది. మా ఖిన్ దాంతో ఉల్లిపాయలు ఊరవేసి అమ్మింది. ఒక ఏడు పళ్ళన్నీ గోరింకలు తినేసి, కప్పుమీద తూలుతూ నడిచాయి. ఒక ఏడు సీసాలు వంటింట్లో పేలి, మా నాన్న మిల్లు బాయిలరు పేలిందనుకుని బనీనుతో వీధిలోకి పరుగెత్తాడు. ఇంకేదైనా ద్రాక్ష వేసి చూడమని చెప్పనివాడు లేడు. మావ వినేవాడు కాదు. ప్రతి ఏడూ మొదటి గ్లాసు మా ఖిన్‌కి ఇచ్చేవాడు, ఆమె ప్రతి ఏడూ నిజమే చెప్పేది.

నా పెళ్ళి విశాఖపట్నం సంబంధం కుదిరింది. ఓడ ఎక్కబోయే ముందు వారం, మావ ఆ ఏటి సీసా తీశాడు. పంట తక్కువ, ఒక్క సీసాయే వచ్చింది. నేవీలో పనిచేసే మా మనవడి ఇంట్లో ఇప్పుడు వైను సీసాలకి వేరే అలమర ఉంది. స్నేహితులొస్తే గ్లాసులో తిప్పుతారు, వెలుతురుకి పెట్టి చూస్తారు, వాసన చూసి ఏవో పళ్ళ పేర్లు, పూల పేర్లు చెబుతారు. మంచి పిల్లలే, నాకూ కొంచెం పోస్తారు, బాగానే ఉంటుంది. కానీ వాళ్ళు తాగుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటారు. ఎంత మంచిది తాగితే అంత ఎక్కువ మాట్లాడతారు. మేం ఏ పనీ మాట్లాడకుండా చెయ్యని మనుషులం. వరసిళ్ళలో ఒకరు దగ్గితే నలుగురు మందు చెప్పేవాళ్ళం. అందుకే ఆ సాయంత్రం నాకు అంత గుర్తు.

సీసా ఒకటి, మనుషులు వరసంతా. మావ అందర్నీ పాకముందు బారుగా కూచోబెట్టి, మా ఖిన్ అంగడి చెంచాలు పంచి, తీర్థం ఇచ్చినట్టు తలో చెంచా పోసుకుంటూ వెళ్ళాడు. ఎప్పట్లాగే ముందు మా ఖిన్‌కి, ఆ వెనక అమ్మమ్మకి పోశాడు. నాన్నకి, అమ్మకి, నాకు, పొరుగువాళ్ళకి, మా ఖిన్ ఒళ్ళోని చంటివాడి పెదవికి ఒక చుక్క. బారు చివరికొచ్చేసరికి సీసా ఖాళీ. వెనక్కి తిరిగి, "ఎలగుంది?" అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. నోట్లో గులాబీ పూసింది. నోరు తెరిస్తే అది పోతుందని అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. అమ్మమ్మ పెదవులు బిగించుకుని ఆకాశంకేసి చూస్తోంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. మావ బారు పొడుగునా అటూ ఇటూ తిరిగాడు. "ఏటి, బాగోనేదా? ఎవులో ఒకలు సెప్పండే. అక్కా, నువ్వు సెప్పు. బావా. ఏటి, మళ్ళీ కంపేటి?" ఆయన గొంతులో ఏడుపు వినిపిస్తున్నా నేను నోరు విప్పలేకపోయాను. చివరికి మా ఖిన్ దగ్గర ఆగి, వంగి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చాలాసేపు అలాగే ఉంది. తరవాత మింగింది.

"ఇంకుందా బావా?" అంది.

"నేదు. అయిపోనాది."

"నీకు?"

మావ సీసా తలకిందులు చేసి చూపించాడు. తనకి పోసుకోవాలన్న సంగతే ఆయనకి తట్టలేదు. మా ఖిన్ తన చెంచా ఆయన నోటికి అందించింది. మావ దాన్ని అటు, ఇటు, మళ్ళీ అటు నాకి, మా పక్కనే నేలమీద కూచున్నాడు. ఆయన కూడా నోరు మూసుకున్నాడు.